ఇంగువలోనూ గోధుమ పిండే
మనం అన్నం తినేవాళ్లం కాబట్టి సీలియాక్ (గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) ఉన్నా తెలుగిళ్లలో పెద్ద ఇబ్బంది ఉండదని దీని మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు, ఆ ఒక్క మాట ఒప్పుకోలేను. చపాతీ, పూరీ, ఉప్మా మానేయడం తేలికే. చిక్కంతా కంటికి కనపడని గోధుమతోనే. మా అక్క కూతురికి ఈ జబ్బు ఉంది. గోధుమ వంటలన్నీ మానేసినా కడుపునొప్పి తగ్గలేదు, రక్తం పెరగలేదు. తీరా చూస్తే పోపుల డబ్బాలోని ఇంగువ! బజార్లో దొరికే చాలా రకాల ఇంగువలో గోధుమ పిండో మైదానో కలుపుతారు, డబ్బా వెనక సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. పప్పు, చారు, పులిహోర, అన్నింట్లోనూ రోజూ పడుతూనే ఉంది. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి తెప్పించుకుంటున్నారు. పెళ్లి భోజనాలైతే మరీ టెన్షన్, పూరీలు వేయించిన నూనెలోనే గారెలూ వేస్తారు. "కొంచెం తింటే ఏమవుతుందే" అనే పెద్దవాళ్లకు చెప్పలేక చావాలి. ఇది అరగకపోవడం కాదు, గ్లూటెన్ తగిలితే ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఇంకొకటి, అనుమానం ఉన్నవాళ్లు ముందే గోధుమ మానేసి పరీక్షకు వెళ్లకండి. సీలియాక్ ఉందో లేదో చూసే టీటీజీ అనే రక్తపరీక్ష గోధుమ తింటున్న రోజుల్లో చేయిస్తేనే సరిగ్గా తేలుతుంది.