ఫ్యాక్టర్ హెచ్ పరీక్ష మన పిల్లలకు ఎందుకు అత్యవసరం

బడికెళ్లే వయసు పిల్లాడు. నాలుగు రోజులుగా వాంతులు, ముఖం పాలిపోయింది, మూత్రం డికాషన్ రంగులో కొద్దికొద్దిగా వస్తోంది. పచ్చకామెర్లేమోనని పసరు పోయించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రక్తపు చుక్కను స్లైడు మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు హెల్మెట్ల ఆకారంలో చిరిగిపోయి ఉంటాయి. ప్లేట్‌లెట్లు పడిపోయి, కిడ్నీ బయటకు పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. ఇది ఎటిపికల్ హెచ్‌యూఎస్ (హీమోలైటిక్ యురీమిక్ సిండ్రోమ్), అంటే ఎర్రకణాలు చితికిపోయి కిడ్నీలు దెబ్బతినే జబ్బు కావచ్చు.

క్రిములను చంపడానికి మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండు ఉంటుంది. అందులో సీ3 ప్రోటీన్ ఏ క్రిమీ లేకపోయినా నివురు కింద నిప్పులా రగులుతూనే ఉంటుంది. దానికి మన కణం, పరాయి కణం అనే తేడా తెలియదు. ఆ తేడా చూసేది కాలేయంలో తయారయ్యే ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రోటీన్. మన కణాల పైపొరలోని సియాలిక్ ఆమ్లాన్ని గుర్తుపట్టి, ఫ్యాక్టర్ ఐ అనే మరో ప్రోటీన్ సాయంతో అక్కడ మంటను ఆర్పేస్తుంది. ఇది పనిచేయకపోతే ముందుగా దెబ్బతినేవి కిడ్నీలోని సన్నని రక్తనాళాలే.

మన దేశ పిల్లల్లో ఈ జబ్బుకు ప్రధాన కారణం ఫ్యాక్టర్ హెచ్ మీద శరీరమే తయారుచేసుకునే యాంటీబాడీలు. 2019లో వెలువడిన దేశవ్యాప్త వివరాల ప్రకారం 781 మంది రోగుల్లో 436 మందికి ఇవి ఉన్నాయి. యూరప్‌లో ఇలాంటి కేసులు పదో వంతు దరిదాపుల్లోనే ఉంటాయి. అందుకే అక్కడి వైద్య పద్ధతిని యథాతథంగా తెచ్చుకుంటే మనకు సరిపోదు.

ఈ జబ్బు అనగానే చర్చంతా కాంప్లిమెంట్‌ను అడ్డుకునే ఎక్యులిజుమాబ్ అనే మందు ధర చుట్టూనే తిరుగుతుంది. అమెరికాలో 2011లో ఈ జబ్బుకు వాడేందుకు అనుమతి పొందిన ఆ మందుకు ఏడాదికి లక్షల డాలర్లు కావాలి. అది అందరికీ అందాలనడంలో నాకు రెండో మాట లేదు. కానీ యాంటీబాడీలున్న పిల్లలకు అంతకంటే అందుబాటులో ఉన్న దారి ఉంది. ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్‌తో, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని మార్చి, ఆ యాంటీబాడీలను తీసేసి, స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులతో కొత్తవి పుట్టకుండా ఆపవచ్చు. త్వరగా మొదలుపెడితే చాలామందికి కిడ్నీ దక్కుతుంది. ఆలస్యమైతే డయాలసిస్ మీదే బతకాల్సి రావచ్చు.

యాంటీబాడీలను పట్టేది ఎలైజా పరీక్ష, డెంగీకి చేసే తరహాదే. ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నుంచీ ఈ శాంపిల్ అదే రోజు ల్యాబ్‌కు వెళ్లే ఏర్పాటు ఉండాలి. రిపోర్టు వచ్చేదాకా చికిత్స ఆపకూడదు. ప్లాస్మా మార్చకముందే రక్తం తీసి పెట్టుకోవాలి, తర్వాత తీస్తే యాంటీబాడీలు తక్కువగా కనిపించి జబ్బే లేదనుకునే ప్రమాదం ఉంది.