ఫిజియోథెరపిస్టు మందు రాస్తే ముప్పేనా?

"బ్రిటన్‌లో ఫిజియోథెరపీ చదివిన ప్రతివాళ్లూ ఏ మందైనా రాసేస్తున్నారు. డాక్టర్ల కొరత కప్పిపుచ్చడానికి హడావుడిగా తెచ్చిన పద్ధతి ఇది. రోగుల ప్రాణాలతో ఆడుకుంటున్నారు." చాలామంది పంచుకుంటున్న ఈ సందేశంలో నిలబడే మాటలు తక్కువ.

ప్రతివాళ్లూ రాయలేరు. డిగ్రీతో ఆ హక్కు రాదు. కొన్నేళ్లు పనిచేశాక మందులు రాయడానికే ఉద్దేశించిన కోర్సు విడిగా చదవాలి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో శిక్షణ పొంది పాసవ్వాలి. అప్పుడే ఫిజియోల్లాంటి ఆరోగ్య వృత్తులవాళ్లని నమోదు చేసే సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరు పక్కన ఆ అర్హత నమోదవుతుంది. ఆ రిజిస్టర్‌ని ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

ఏ మందైనా రాయడం కూడా కుదరదు. తమకు నైపుణ్యమున్న పరిధి దాటకూడదు. మార్ఫిన్, డయజెపామ్ లాంటి నియంత్రిత మందుల్లో 2015లో అనుమతి దొరికినవి ఏడే.

హడావుడి అంటారా? డాక్టరుతో కలిసి వేసుకున్న ప్రణాళిక ప్రకారం రాసే వీలు 2005లో వచ్చింది. సొంతంగా రాసే హక్కు 2013లో గానీ రాలేదు.

ఇక ప్రాణాల సంగతి. మందు రాయడం నేర్చుకున్నవాళ్లు మందు ఎప్పుడు వద్దో కూడా నేర్చుకుంటారు. ఈ సందేశం రాసినవాళ్లు వదిలేసింది సరిగ్గా దీన్నే. మోకాలి నొప్పితో వచ్చిన మనిషి రక్తం పలచబడే మందు వాడుతూ, దుకాణంలో కొన్న ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర కూడా మింగుతున్నాడనుకోండి. కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. శిక్షణ ఉన్న ఫిజియో ఆ సంగతి అడిగి తెలుసుకుని, అక్కడే ఆపించగలరు. నడుం నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వొద్దనీ, దీర్ఘకాలిక నడుం నొప్పికి ఓపియాయిడ్లు (మార్ఫిన్ తరహా నొప్పి మందులు) వద్దనీ, చికిత్సలపై సలహాలిచ్చే బ్రిటన్ సంస్థ నైస్ మార్గదర్శకాలు 2016లోనే చెప్పాయి. కదలిక, వ్యాయామం ముందుకు తెచ్చాయి. ఆ రెండూ బాగా తెలిసినవాళ్ల చేతిలో మందు నిర్ణయం కూడా ఉంటే రోగికి మేలే అని నా గట్టి నమ్మకం.

"నొప్పి మాత్రతో లోపలి జబ్బు కప్పబడిపోతుంది" అని కూడా అంటున్నారు. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరి, మూత్రం బిగుసుకుపోవడం ఉంటే వెన్ను చివరి నరాలు నలుగుతున్నాయేమో అని అనుమానించి, అత్యవసరంగా ఆసుపత్రికి పంపాలి. అది ఫిజియోలు మందుల కోర్సుకి ముందే నేర్చుకునే పాఠం.

ఒక్క భయం మాత్రం న్యాయమైనదే. రోగి వేరేచోట ఏం మందులు వాడుతున్నాడో తెలియకుండా ఎవరు రాసినా ప్రమాదమే, డాక్టరైనా సరే. అందుకే ఫిజియో ముందుగా జీపీ (రోగి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరున్న రికార్డు చూడాలి, తాను రాసిన మందుని అందులో చేర్చాలి. అడగాల్సింది ఈ ఏర్పాటు ప్రతి క్లినిక్‌లో ఉందా అని.