“ఖాళీగానే ఉంది కదా” అనే వాదన: దివ్యాంగుల పార్కింగ్‌పై ఒక ఖండన

మాల్, ఆసుపత్రి, ఫంక్షన్ హాలు ఏదైనా సరే, నీలిరంగులో చక్రాల కుర్చీ బొమ్మ వేసి ఉంచిన పార్కింగ్ స్థలం గురించి వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన పదేపదే తిరుగుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: ఆ స్థలం రోజంతా ఖాళీగానే పడి ఉంటుంది కాబట్టి ఐదు నిమిషాలు బండి పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు, దాని పక్కనే అడ్డగీతలు గీసి ఖాళీగా వదిలిన జాగా అయితే మరీ వృథా, నిజమైన దివ్యాంగులు కార్లు నడుపుకుంటూ రారు, అక్కడ దిగేవాళ్లలో చాలామంది చక్కగా నడిచిపోయేవాళ్లే, పైగా అక్కడ బండి పెట్టినందుకు శిక్ష వేసే చట్టమే లేదు. పైపైన చదివితే లెక్క సరిపోయినట్టే అనిపించే మాటలివి. విడివిడిగా పరిశీలిస్తే చివరి మాటలో మాత్రమే కొంత నిజం కనిపిస్తుంది, అదీ సగమే.

ముందుగా ఖాళీ సంగతి చూద్దాం. ఇంట్లో రెండో గ్యాస్ సిలిండర్ నెల రోజులు కదలకుండా ఉన్నంత మాత్రాన దాన్ని ఎవరూ దండగ అనరు. అవసరం చెప్పి రాదు కాబట్టే దాన్ని నింపి ఉంచుతారు. ప్రత్యేకంగా కేటాయించిన స్థలం ఎంత ఉపయోగపడుతున్నదో తేలేది అది రోజులో ఎన్ని గంటలు నిండి ఉందన్న లెక్కతో కాక, కావలసిన మనిషి వచ్చిన సమయానికి దొరికిందా లేదా అన్నదానితో. మామూలు డ్రైవరుకు చోటు దొరకకపోతే ఇంకో అంతస్తు కిందికి దిగుతాడు, లేదంటే వీధి చివర బండి పెట్టి నడిచి వస్తాడు. చక్రాల కుర్చీ మీద ఆధారపడిన మనిషికి ఆ వీలు లేదు కనుక ఇంటికి తిరిగి వెళ్లడమే మిగులుతుంది. రెండుసార్లు అలా వెనుదిరిగిన మనిషి మూడోసారి అటువైపు రాడు. పార్కింగ్ దొరికినా లిఫ్టు ముందు రెండు మెట్లు ఎదురయ్యే భవనానికైతే మొదటిసారి తరువాతే రావడం మానుకుంటాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా దివ్యాంగులు ఉన్నారు. వాళ్లు మన కంటికి కనిపించకపోవడానికి ఇలాంటి అడ్డంకులే ఒక పెద్ద కారణమైనప్పుడు, వాళ్లు కనిపించడం లేదన్న సాకుతో ఇంకో అడ్డంకి పెట్టడం ఎలాంటి తర్కమో ఆ సందేశం రాసినవారే చెప్పాలి.

ఐదు నిమిషాలే కదా, డ్రైవరు బండిలోనే కూర్చున్నాడు, ఎవరైనా వస్తే వెంటనే తీస్తాడు కదా అన్న సమాధానం కూడా తరచూ వినిపిస్తుంది. వచ్చినవాడు ఆ మాట అడగాలంటే ముందు తన కారు దిగాలి. దిగడానికి చోటు లేకపోవడమే ఇక్కడ సమస్య. సెల్లారులోకి దిగే వాలు మీద వెనుక నాలుగు కార్లు హారన్ కొడుతుంటే, అద్దం దించి ఎవరినో పిలిచి, ఆ డ్రైవరు ఫోన్ పెట్టేసి కదిలేదాకా ఆగే అవకాశం ఎవరికీ ఉండదు. అతను ముందుకు పోక తప్పదు. ఐదు నిమిషాల మనిషి మాత్రం తన వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదనే అనుకుంటాడు, ఎందుకంటే ఇబ్బంది పడినవాడు అతనికి కనిపించనే లేదు.

గీతలు గీసిన జాగా గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఊళ్లలో దుర్వినియోగం ఎక్కువగా అక్కడే జరుగుతుంది. మామూలు కారు పార్కింగ్ వెడల్పు సాధారణంగా రెండున్నర మీటర్లు. 2016 నాటి కేంద్ర నమూనా భవన నిబంధనలు దివ్యాంగుల స్థలానికి కనీసం 3.6 మీటర్ల వెడల్పు ఉండాలనీ, అది భవన ప్రవేశద్వారానికి 30 మీటర్లకు మించని దూరంలో ఉండాలనీ, అటువంటివి రెండు ఉండాలనీ చెబుతున్నాయి. ఒక చిన్న కారు వెడల్పు సుమారు 1.7 మీటర్లు. దాన్ని మామూలు గడిలో పెడితే రెండు పక్కలా కలిపి మిగిలేది 80 సెంటీమీటర్లు, అంటే ఒక్కో పక్క తలుపు సగం తెరిచి ఒళ్లు కుంచించుకుని బయటపడేంత జాగా. చక్రాల కుర్చీ వాడే మనిషికి తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, మడిచిన కుర్చీని బయటికి తీసి తలుపు పక్కనే విప్పాలి, దాన్ని సీటుకు ఆనించి చేతుల బలంతో ఒళ్లు అందులోకి మార్చుకోవాలి, ఆ తరువాత కుర్చీ వెనక్కి తిరగాలి. ఆ పని మొత్తం జరిగేది ఆ గీతల మీదనే. ఖాళీగా కనిపించిందని అక్కడ ఒక బైక్ ఆనించి పోయిన కుర్రాడు కారు స్థలం ఆక్రమించలేదన్నది నిజమే. కాని మందులు కొనుక్కుని తిరిగి వచ్చిన మనిషి తన కారు తలుపు దాకా కుర్చీ తీసుకువెళ్లలేక, సెక్యూరిటీ గార్డు ఆ బైక్ నంబరును మైకులో చదివించి దాని యజమాని వచ్చేదాకా ఎండలో కూర్చోవలసి వస్తుంది. హ్యాండిల్ లాక్ వేసి ఉంటే గార్డు కూడా చేయగలిగింది పెద్దగా ఉండదు.

దివ్యాంగులు కార్లు నడుపుకుంటూ రారన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. చేతులతోనే బ్రేకూ యాక్సిలరేటరూ నడిపేలా మార్పించుకున్న కార్లు రోడ్ల మీద ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్‌లో యాజమాన్యం రకంగా ‘దివ్యాంగ్‌జన్’ అని నమోదు చేసుకునే వీలును కేంద్ర రవాణా శాఖ 2020 అక్టోబరులోనే కల్పించింది. పక్క చక్రాలు బిగించిన స్కూటీలు టూవీలర్ల వరుసలో ఇరుకుగా పట్టవు కాబట్టి వాటికీ ఈ వెడల్పే కావాలి. అయినా, నడిపేది ఎవరన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పన్నెండేళ్ల కొడుకును చేతుల మీద ఎత్తుకుని దింపే తండ్రికి కూడా ఆ స్థలం అవసరమే.

ఇక, చక్కగా నడిచిపోయేవాళ్ల సంగతి. బోర్డు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉంది కాబట్టి కుర్చీలో ఉన్నవాళ్లకే ఆ స్థలమని చాలామంది నిజాయితీగానే నమ్ముతారు. ఆ బొమ్మ 1968లో సుసాన్ కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసిన ఒక గుర్తు. దూరం నుంచి చూసినా అర్థం కావాలన్నది దాని ఉద్దేశం, అర్హుల జాబితా ఇవ్వడం దాని పని కాదు. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. అందులో రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా ఉంది, పార్కిన్సన్స్ ఉంది, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది, కండరాల క్షీణత ఉంది. మోకాలి కీలులో రక్తస్రావమైన హీమోఫీలియా రోగి పది అడుగులు మామూలుగానే వేసి, వందో అడుగుకు నొప్పితో ఆగిపోవచ్చు. అతను కారు దిగిన క్షణాన్ని మాత్రమే చూసి ‘వీడికేం రోగం’ అనేవారికి ఆ వందో అడుగు కనిపించదు. స్టిక్కర్ల దుకాణంలో చక్రాల కుర్చీ బొమ్మ కొని అద్దానికి అంటించుకునే మోసగాళ్లు ఉండవచ్చు, కాదనను. అయితే మోసగాళ్లు ఉన్నారన్న కారణం మనమూ వాళ్లలో చేరడానికి అనుమతి ఎలా అవుతుంది?

చివరిది చట్టం. ఫలానా గడిలో కారు పెట్టిన డ్రైవరుకు ఇంత జరిమానా అని 2016 చట్టం విడిగా పేర్కొనలేదన్నది నిజం. కాలిఫోర్నియాలో ఇదే పనికి మొదటిసారే కనీసం 250 డాలర్లు, టెక్సాస్‌లో 500 డాలర్లు చెల్లించాలని అక్కడి మనవాళ్లకు బాగా తెలుసు, అందుకే అక్కడ ఆ గడి జోలికి పోనివారు సెలవులకు హైదరాబాద్ రాగానే నిబంధనలు మరిచిపోతుంటారు. కాని ఇక్కడ చట్టమే లేదనడం తప్పు. ప్రమాణాలు పాటించని భవనానికి అనుమతి గాని, పూర్తయినట్టు ధ్రువపత్రం గాని ఇవ్వరాదని 2016 చట్టంలోని 44వ సెక్షన్ చెబుతుంది. పాత భవనాలను సరిచేయడానికి 45వ సెక్షన్ ఇచ్చిన ఐదేళ్ల గడువు, 2017 జూన్‌లో వచ్చిన నియమాల నుంచి లెక్కిస్తే, 2022లోనే ముగిసింది. చట్టాన్ని గాని నియమాలను గాని ఉల్లంఘించినవారికి 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ ఉల్లంఘిస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. ఈ నియమాల అమలు ఎంత బలహీనంగా ఉందో సుప్రీంకోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రంతోనే నివేదిక తయారు చేయించింది. ఆ తరువాత దివ్యాంగులకు అందుబాటు సౌకర్యాలు కోరుతూ రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, ప్రమాణాలను సిఫార్సుల స్థాయిలో వదిలేసిన, 2017 నియమాల్లోని 15వ నియమం చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. కాబట్టి ఆ గడిలో వ్యాలెట్ పార్కింగ్ (సిబ్బందే కారు తీసుకెళ్లి పెట్టే సేవ) బల్ల వేసుకున్న మాల్ యాజమాన్యం, డైరెక్టరు గారి కారు కోసం కోన్లు పెట్టి ఉంచే ఆసుపత్రి యాజమాన్యం ‘శిక్ష లేదు’ అన్న వాట్సాప్ సందేశాన్ని నమ్ముకోకపోవడం మంచిది.