ఒక బోర్డు, ఒక దీపం చాలు

డిసెంబరు వస్తే అమెరికాలో ఉండే మనలో చాలామంది హైదరాబాదు ప్రయాణం కడతారు. పెళ్లిళ్లు, తిరుపతి మొక్కుల మధ్యలో ఏ మేనల్లుడో, చదువు చెప్పిన మాస్టారో "మా కాలేజీ కంప్యూటర్ క్లబ్బులో పిల్లలకి ఓ గంటన్నర మాట్లాడి వెళ్లండి" అంటారు. విషయం సింగిల్ బోర్డు కంప్యూటర్లు, అంటే ప్రాసెసరూ మెమరీ అన్నీ ఒకే పలక మీదుండే చిన్న కంప్యూటర్లు అయితే తప్పకుండా ఒప్పుకోండి. అయితే ఆ ప్రసంగం ఎలా ఉండాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బోర్డుల జాబితా చదవకండి. ఒకే ఒక్క బోర్డు పట్టుకెళ్లి, ఖాళీ మెమరీ కార్డు దగ్గర్నుంచి చిన్న ఎల్‌ఈడీ దీపం వెలిగేదాకా వాళ్ల కళ్లముందు చేసి చూపించండి. మీ తయారీలో సగం సమయం కరెంటుకీ, ప్రొజెక్టరుకీ, వైఫైకీ కేటాయించండి. ఇలాంటి ప్రసంగాలు చెడేది అక్కడే.

జాబితా వద్దనడానికి కారణం, అది చెప్పేలోపే పాతబడుతుంది. ఇలాంటివాటిలో బాగా పేరున్న రాస్ప్‌బెర్రీ పై మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. 2015లో 5 డాలర్ల జీరో అనే చిన్న రకం, 2019లో నాలుగో తరం, 2023లో అయిదో తరం వచ్చాయి. ఇవి కాక బీగిల్‌బోన్, ఆరెంజ్ పై, బనానా పై ఉండనే ఉన్నాయి. ఈ పేర్లన్నీ గిగాహెర్ట్జ్‌లతో సహా పట్టికలో పెట్టి చూపిస్తే విన్నవాళ్లకి మిగిలేది ఏది కొనాలన్న అయోమయమే. 2021, 2022ల నాటి చిప్పుల కొరతలో ఆ బోర్డులు అసలు ధరకి దొరకడమే గగనమైంది. ఒక బోర్డు మీద పని వచ్చినవాళ్లు ఇంకో బోర్డుని, తీగలు తగిలించే పిన్నుల పటం చూసుకుని నడిపేస్తారు.

చరిత్ర చెప్పాలనిపిస్తే దూరం వెళ్లక్కర్లేదు. ఇంజనీరింగు కాలేజీ అయితే మైక్రోప్రాసెసర్ ల్యాబులో 8085 అనే పాత ప్రాసెసరు కిట్టు కనీసం బీరువాలోనైనా ఉంటుంది. ల్యాబ్ ఇన్‌ఛార్జిని ముందే అడిగి ఒకటి బల్ల మీద పెట్టించండి. 3ఈ, 05, 76 అని మీటలు నొక్కితే, అక్యుములేటర్లో (ప్రాసెసరు లెక్కలకి వాడే చోట) 5 పెట్టి ఆగిపొమ్మని చెప్పినట్టు. ప్రాసెసరు, మెమరీ, మీటలు, డిస్‌ప్లే అన్నీ ఒకే పలక మీదున్నాయి కాబట్టి అదీ సింగిల్ బోర్డు కంప్యూటరే. 1976 నాటి కిమ్-1 కూడా ఆ వరసలోదే. దాని పక్కన ఇప్పటి బోర్డు పెట్టి తేడా ఏమిటో పిల్లల్నే చెప్పమనండి. పాత కిట్టులో మీటలు చదివి అంకెలు చూపించే చిన్న మానిటర్ ప్రోగ్రాం ఉంటుంది, కొత్తదాంట్లో పూర్తి లినక్స్ ఆపరేటింగ్ సిస్టం నడుస్తుంది. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సెక్కి వచ్చే పిల్లలుంటే, ఆ పేరుగల ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1967లో పుట్టి టీడీసీ-12 కంప్యూటరు తయారు చేసిందని ఒక్క వాక్యంలో చెప్పండి. అక్కడితో చరిత్ర చాలు.

ఆ వెంటనే నిజాయితీగా చెప్పాల్సింది, ఈ బోర్డు అన్ని పనులకీ తగినది కాదని. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికే అయితే ఆఫీసులవాళ్లు తీసేసిన పాత డెస్క్‌టాప్ మేలు. దీపం ఆర్పి వెలిగించడానికే అయితే 2021లో 4 డాలర్లకు వచ్చిన పికో అనే బుల్లి బోర్డు చాలు. అది మైక్రోకంట్రోలరు, అంటే మనం ఎక్కించిన ఒక్క ప్రోగ్రామునే నడిపేది, ఆపరేటింగ్ సిస్టం ఉండదు, ఎప్పుడు ప్లగ్గు పీకినా పరవాలేదు. సెన్సరు తీగలూ, నెట్‌వర్కూ, ఫైళ్లూ ఒక్కచోటే కావాల్సి వచ్చినప్పుడు సింగిల్ బోర్డు కంప్యూటరు అక్కరకొస్తుంది. అపార్ట్‌మెంటు సంపులో నీళ్ల మట్టం 5 నిమిషాలకోసారి కొలిచి, నెల లెక్క దాచి, ఫోనులో గీత గీసి చూపించడం అలాంటి పని. నల్లా నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లో ఈ ఉదాహరణ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏ బోర్డు? 2 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4. అయిదోది వేగమైనదే గానీ దానికి 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లిచ్చే అడాప్టరు కావాలి. 3 ఆంపియర్లది పెట్టినా బూటవుతుంది, కానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జరుందిగా అనుకోకండి. అలాంటివాటిలో చాలావరకు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లే ఇస్తాయి. మిగతా బలమంతా 9, 15, 20 వోల్టుల దగ్గరుంటుంది, అది ఈ బోర్డుకి పనికిరాదు. జీరో 2 డబ్ల్యూ చవకే కానీ ర్యామ్ 512 ఎంబీ, మామూలు రకానికి పిన్నులు అతికించి ఉండవు. మొదటి రోజు అంత తిప్పలు వద్దు.

ఇక్కడి స్నేహితులిచ్చిన పాత బోర్డులు తీసుకెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. 2019లో వచ్చిన తొలి విడత పై 4లో టైప్-సీ సాకెట్ దగ్గర, ఏం తగిలించారో ఛార్జరుకి తెలిపే రెండు గీతలకీ వేర్వేరుగా ఉండాల్సిన రెసిస్టరు ఒక్కటే పెట్టారు. లోపల చిప్పున్న ఖరీదైన కేబుల్ తగిలిస్తే ఛార్జరు ఆ బోర్డుని హెడ్‌ఫోను అడాప్టరుగా భ్రమపడి కరెంటే పంపదు. మామూలు కేబుల్‌తో శుభ్రంగా నడుస్తుంది. తెలియకపోతే బోర్డు చచ్చిందనుకుని పక్కన పడేస్తారు.

కరెంటు సంగతికొస్తే, ఫోను ఛార్జరుతో, సన్నటి కేబుల్‌తో నడపడం మహా పొరపాటు. సన్నని తీగలో వోల్టేజీ పడిపోతుంది. 4.63 వోల్టుల కిందికి దిగగానే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది, బోర్డు వేగం తగ్గించుకుంటుంది, ఒక్కోసారి మధ్యలోనే రీబూటవుతుంది. తయారీదారు అడాప్టరు 5 కాకుండా 5.1 వోల్టులిచ్చేది ఈ నష్టాన్ని ముందే లెక్కేసుకుని. అమెరికా అడాప్టరు మీద 100-240 అని ఉంటే 230 వోల్టులకి పనిచేస్తుంది, కానీ చదును పిన్నుల ప్లగ్గు వదులు కన్వర్టరులో ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ బోర్డు ఆగి మొదలవుతుంది. అడాప్టరు హైదరాబాదులోనే కొనండి. సెమినారు హాల్లో యూపీఎస్ లైను ఏ సాకెట్‌కి ఉందో ముందురోజే చూసుకోండి.

బోర్డు ఆపరేటింగ్ సిస్టం ఉండేది మెమరీ కార్డులోనే, దాని మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోవచ్చు. అందుకే 32 జీబీ కార్డులు మూడు, ఒకే రకంగా రాసి ఉంచుకోండి. నకిలీ కార్డులు మార్కెట్లో చాలానే ఉన్నాయి. 32 అని రాసి ఉన్నా లోపల అంత చోటుండదు, నిండేకొద్దీ పాత ఫైళ్ల మీదే రాస్తుంది. కొన్నరోజే కార్డు మొత్తం నింపి, తిరిగి చదివి పరీక్షించే ఎఫ్3 లాంటి సాధనంతో సరిచూసుకోండి. వేదిక మీద ఇమేజర్ (కార్డు మీద ఆపరేటింగ్ సిస్టం రాసే ప్రోగ్రాం) తెరిచి, కార్డు ఎలా రాయాలో చూపించి, రాత మొదలుపెట్టి అక్కడ వదిలేయండి. వంటల కార్యక్రమంలో గారెలు చేసేవాళ్లు పప్పు నానేదాకా కెమెరా ముందు కూర్చోరు కదా, నానిన గిన్నె పక్కనే సిద్ధంగా ఉంటుంది. ముందే రాసిన కార్డు తీసి పెట్టండి. ఇమేజర్‌లోనే యూజర్ పేరు, పాస్‌వర్డు, ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటరు నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే దారి), వైఫై నింపాలని మాత్రం గట్టిగా చెప్పండి. 2022 ఏప్రిల్ నుంచి ‘పై’ అన్న పాత యూజరు ముందుగా ఉండడు. నెట్టులో దొరికే పాత పాఠాలు చూసి ఆ పేరుతో లాగిన్ కాబోయి కూలబడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ప్రొజెక్టరు దగ్గర రెండు మాటలు. పై 4కి మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి, ఉన్న రెండు పోర్టుల్లో కరెంటు సాకెట్ పక్కదాంట్లోనే పెట్టాలి. కాలేజీ ప్రొజెక్టరు పాత వీజీఏ కేబుల్ ఒక్కటే తీసుకునే రకం కావచ్చు కాబట్టి కన్వర్టరు కొనుక్కోండి, సికింద్రాబాదు సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లో దొరుకుతుంది. ప్రొజెక్టరు వెలిగాకే బోర్డుకి కరెంటివ్వండి. వరస తప్పితే తెర చీకటిగా ఉండిపోయే అవకాశముంది. ఇక 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ వెనక బెంచీకి కనిపించదు. 10 మిల్లీమీటర్లది వాడండి, బ్రెడ్‌బోర్డు (అతికించకుండా తీగలు గుచ్చే చిల్లుల పలక) పైన స్టాండుకి ఒక ఫోను బిగించి ఆ దృశ్యం తెర మీద వేయండి.

కాలేజీ వైఫైని నమ్ముకోవద్దు. బ్రౌజరులో లాగిన్ పేజీ అడిగే నెట్‌వర్కులోకి తెర లేని బోర్డు తనంతట తాను వెళ్లలేదు. వెళ్లినా, ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డుగోడ కట్టి ఉంటుంది, లాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కుదరదు. మీ ఫోను హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టి, ఆ పేరూ పాస్‌వర్డూ కార్డులోకి ముందే ఎక్కించండి. ఇమేజర్‌లో వైఫై దేశం ఇండియా అని ఎంచడం మరవకండి, దేశం ఎంచకపోతే వైఫై ఆగిపోయే ఉంటుంది. పై 4లో గడియారం చిప్పు లేదు. నెట్టు నుంచి సమయం అందకపోతే తేదీ పాతదే చూపిస్తుంది, అప్పుడు వెబ్‌సైట్ల సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజరు అంటుంది. ఆ గొడవకి మూలం తేదీ అని తట్టదు.

ఇక దీపం. గంటన్నరలో అరగంట దీనికివ్వండి. కావాల్సినవి ఎర్ర ఎల్‌ఈడీ, 330 ఓమ్‌ల రెసిస్టరు, రెండు జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డు. ఇవన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, పిల్లలకి ఆ గల్లీ పేరు చెప్పడం కూడా పాఠంలో భాగమే. లెక్క నల్లబల్ల మీద రాసి చూపించండి. పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు, ఎర్ర ఎల్‌ఈడీ తీసుకునేది సుమారు 2, మిగిలిన 1.3ని 330తో భాగిస్తే దాదాపు 4 మిల్లీ ఆంపియర్లు. దీపానికి అది చాలు, పిన్నుకి భారం కాదు. ఎవరైనా నీలం ఎల్‌ఈడీ పెడితే మినుకుమినుకుమంటుంది, దానికే 3 వోల్టుల దాకా కావాలి మరి. 330కి రంగులు ఆరెంజ్, ఆరెంజ్, బ్రౌన్. హాలు వెలుతురులో చివరి బ్రౌన్‌ని ఆరెంజ్ అనుకుని 33 వేల ఓమ్‌లది పెడతారు, దీపం వెలిగీ వెలగనట్టుంటుంది. మల్టీమీటరు దగ్గరుంటే తగువు తీరుతుంది.

అందరూ పడే గుంట పిన్నుల అంకెలది. ప్రోగ్రాంలో 17 అని రాస్తే అది జీపీఐఓ 17, అంటే చిప్పు లెక్కలో ఆ పిన్ను అంకె, బోర్డు మీద లెక్కపెడితే 11వ పిన్ను. 17వ పిన్నులో వైరు గుచ్చితే అది నేరుగా 3.3 వోల్టులు, కాబట్టి దీపం వెలుగుతుంది గానీ ప్రోగ్రాం ఏం చెప్పినా ఆరదు. ఈ తప్పు మీరే కావాలని చేసి చూపించండి, ఎందుకు ఆరడం లేదో పిల్లల్నే కనుక్కోమనండి. పది స్లైడ్లు చేయలేని పని ఆ రెండు నిమిషాలు చేస్తాయి. కరెంటు తిరిగి వెళ్లే గ్రౌండుకి, పక్కనున్న 9వ పిన్ను సరిపోతుంది. తర్వాత 13, 14 పిన్నుల మధ్య ఒక మీట పెట్టండి. నాలుగు కాళ్ల మీటలో రెండేసి కాళ్లు లోపల ముందే కలిసి ఉంటాయి, అడ్డంగా తిప్పి గుచ్చితే ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది.

ప్రోగ్రాముకి పైథాన్‌లో పిన్నుల్ని నడిపే జీపీఐఓజీరో లైబ్రరీ వాడండి. పాత లైబ్రరీ ఆర్‌పైజీపీఐఓ అయిదో తరం బోర్డు మీద పనిచేయదు, ఎందుకంటే అందులో పిన్నులు వేరే చిప్పు చేతిలోకి వెళ్లాయి. మన పిల్లలకి తప్పకుండా చూపించాల్సింది మరొకటుంది. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో రాయొచ్చు. ఎల్‌ఈడీకి ‘దీపం’ అనీ, బటనుకి ‘మీట’ అనీ పేరు పెట్టి నడపండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడు తన భాషలో రాసిన పేరుని యంత్రం ఒప్పుకోవడం చూడాలి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ముందే ఎక్కించలేదన్నమాట.

వేదిక మీద రెండు పనులు మాత్రం చేయొద్దు. ఆర్డువినో అనే మైక్రోకంట్రోలరు బోర్డు అలవాటుతో 5 వోల్టుల సెన్సరుని నేరుగా పిన్నుకి తగిలించొద్దు. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సరు ఎకో తీగ 5 వోల్టులిస్తుంది, 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో దాన్ని 3.3కి దించకపోతే పిన్ను పోవచ్చు, బోర్డే పోవచ్చు. రెండోది, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చు) పెట్టి 230 వోల్టుల బల్బు వెలిగించి గానీ మోటారు తిప్పి గానీ చప్పట్లు కొట్టించుకోవద్దు. మీరు జాగ్రత్తగానే చేస్తారు. మర్నాడు హాస్టల్ గదిలో చేసే పిల్లవాడికి ఇన్సులేషను గురించి ఎవరూ చెప్పరు.

ఇక్కడి మన తెలుగు సంఘాలకి ఒక మాట. సూట్‌కేసుల్లో బోర్డులు మోయడం కంటే, ఆ డబ్బుతో అక్కడే ఆరు కిట్లు కొనివ్వండి. కిట్టుకి ఒక బోర్డు, సరైన అడాప్టరు, రెండు కార్డులు, బ్రెడ్‌బోర్డు, పది ఎల్‌ఈడీలు, ఇరవై రెసిస్టర్లు. ముగ్గురికొకటి చొప్పున 18 మందికి సరిపోతాయి. కార్డులన్నీ ఒకేదాని నకళ్లయితే ఆరు బోర్డులకీ ఒకే పేరుండి నెట్‌వర్కులో ఏది ఎవరిదో తేలదు కాబట్టి ఒక్కోదానికి వేరే హోస్ట్‌నేమ్ పెట్టించండి. ముందుకెళ్లాలనుకునే పిల్లలకి రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ ఉంది, నమూనాలు తయారు చేసే యంత్రాలు అక్కడుంటాయి. కిట్లు ప్రిన్సిపాలు గదిలో అద్దాల బీరువాకి ఎక్కితే మాత్రం మళ్లీ కిందికి దిగవు. ఆ బీరువా తాళం క్లబ్బు విద్యార్థుల దగ్గరే ఉండేలా, ప్రసంగానికి ఒప్పుకున్న రోజే మాట తీసుకోండి.