గోపాల్‌పూర్‌కు పగడాల దిబ్బ మంజూరు చేయించాలి

1936 ఏప్రిల్ 1న మద్రాసు రాజధాని నుంచి విడదీసి బరంపురాన్ని ఒడిశాలో కలిపినప్పుడు ఎవరికెంత నష్టం జరిగిందో మన పెద్దలు ఇప్పటికీ అరుగుల మీద కూర్చుని తేలుస్తూనే ఉన్నారు. భాష, బడులు, కోర్టు కాగితాలు అన్నీ ఆ లెక్కలోకి వచ్చాయి. ఒక్క అన్యాయం మాత్రం ఇంతవరకూ ఏ మహజరులోకీ ఎక్కలేదు. ఊరికి 16 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్ దగ్గర అంత సముద్రం ఉంది గానీ, ఈత రాని పెద్దమనిషి వీపున గాలి సిలిండర్ తగిలించుకుని (స్కూబా డైవింగ్ అంటారు దీన్ని) మర్యాదగా మునిగి, ఫొటో దిగి, భోజనాల వేళకు పైకి తేలడానికి వీలైన పగడాల దిబ్బ అందులో ఒక్కటీ లేదు.

అందుకని మన తెలుగువాళ్ళు ఇంచుమించు 1,200 కిలోమీటర్లు దాటి అండమాన్ పోతున్నారు. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) విమానం, అక్కణ్ణుంచి హేవ్‌లాక్‌కు (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) ఓడ. పేర్లు మారినంత వేగంగా ఓడలు కదిలితే ప్రయాణం ఇంకా సుఖంగా ఉండేది. ఆ దీవిలో నీమో రీఫ్ అని ఒక పగడాల చోటుంది. ఒడ్డు నుంచే ఇసుక మీద నడుచుకుంటూ దిగిపోవచ్చు. ఈత రాకపోయినా దింపుతారు. సర్టిఫికెట్ లేని కొత్తవాళ్ళను 12 మీటర్లకు మించి తీసుకుపోకూడదని నియమం. మనకు అందులో సగమే ఎక్కువ. ఏ విషయంలోనైనా అంతకు మించి లోతుకు పోయిన చరిత్ర మన ఊరికి లేదు.

మా తోడల్లుడు పోయిన శీతాకాలం అక్కడ మునిగి వచ్చాడు. ఆయన అనుభవాన్ని ఊరంతా విన్నది కాబట్టి నేనిక్కడ కొంత మాత్రమే రాస్తాను.

ముందుగా ఒక ఫారం ఇస్తారట. ఉబ్బసం ఉందా, గుండె జబ్బుందా, ఈ మధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా అని అందులో ప్రశ్నలు. ఆఫీసులో సెలవు కోసం ఇవే జబ్బులన్నీ ఏళ్ళ తరబడి వంతులవారీగా అనుభవించిన మనిషి అక్కడ వరసగా ‘లేదు’ గీతలు కొట్టుకుంటూ పోయి క్షణంలో ఆరోగ్యవంతుడైపోయాడు. తరవాత రబ్బరు దుస్తులు తొడిగారు. మన ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ జాతరలో పులివేషం కట్టినవాడిలా ఆయన ఒడ్డున అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు. ఆ తిరుగుడు వీడియోలో ఉంది. మునక తాలూకు వీడియో కన్నా అదే పెద్దది.

నడుం లోతు నీళ్ళలో పాఠం మొదలు. ఊపిరి బిగపట్టకూడదన్నది మొదటి సూత్రం. సిలిండర్ గాలి పీల్చి బిగపట్టి పైకి వస్తే, ఒత్తిడి తగ్గినకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. రెండోది చెవులు. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకూ ఒడ్డున మన మీద ఉండే గాలి ఒత్తిడంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. ఒడ్డున ఉన్న ఒత్తిడి మొదటి పది మీటర్లలోనే రెట్టింపు అవుతుంది గనక, లోతు లేదని మురిసిపోయే కొత్తవాడికే చెవులు ఎక్కువ పీకుతాయి. ముక్కు మూసుకుని మెల్లగా చెవుల్లోకి ఊదుకుంటూ దిగాలి. మూడోది సైగలు. బొటనవేలు ఎత్తితే ‘పైకి తీసుకుపో’ అని, వేళ్ళు సున్నాలా కలిపితే ‘బాగున్నాను’ అని. జన్మంతా వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తి బతికిన మనిషి, బాగుందా అని సైగ చేసినప్పుడల్లా బొటనవేలే ఎత్తాడు. ఎత్తినప్పుడల్లా పైకి లాక్కొచ్చారు. ఆ ఉదయం ఆయన సముద్రంలోకి దిగినదాని కన్నా బయటికి వచ్చిందే ఎక్కువని మా మరదలు సాక్ష్యం.

ఇంతకీ ఆయన అక్కడ ఈదలేదు, నడవలేదు, కాలు కూడా కదపలేదు. వెనక ఒకతను సిలిండర్ పట్టుకుని మోసుకుపోయాడు. ఆ పట్టుకున్నవాడు ఎవరయ్యా అంటే మన ఇచ్ఛాపురం దగ్గరి కుర్రాడే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి అండమాన్ చేరి స్థిరపడ్డ తెలుగు మత్స్యకార కుటుంబాలు అక్కడ బోలెడు. ఇక్కడ బస్సులో పక్క సీటు ఇవ్వని పొరుగువాడి చేత మోయించుకోవడానికి ఇంత దూరం పోవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక ఫొటోలు చూసి మా అత్తగారు హడలిపోయారు. బయల్దేరేముందు అమ్మవారి గుడిలో చేతికి కట్టిన ఎర్రదారం ఫొటోలో నల్లగా ఉంది. ఏదో కీడు జరిగిందన్నారావిడ. నీళ్ళలో అన్నిటికన్నా ముందు ఎరుపే ఇంకిపోతుందనీ, కొన్ని మీటర్లు దిగేసరికి ఎర్రటిది బూడిదగానో నల్లగానో కనిపిస్తుందనీ అల్లుడు చెప్పలేకపోయాడు. అది ఆయనకూ అప్పుడే తెలిసింది. దిష్టి తీశారు. అయినా ఆ మర్నాటి నుంచి వీధిలో సముద్ర శాస్త్రం మీద ఏ సందేహం వచ్చినా తీర్చేది ఆయనే. ఆయన కనిపెట్టిన వాటిలో ముఖ్యమైనది, పగడం అంటే రాయి అని.

రాయి కాదు. లక్షల చిన్న జంతువులు కట్టుకున్న సున్నపు ఇల్లు అది. వాటి ఒంట్లో కాపురముండే నాచు ఎండలో వంట చేసి పెడుతుంది. అందుకే పగడాలు ఎండ అందే తక్కువ లోతుల్లో, తేట నీళ్ళలో ఉంటాయి. ఎండాకాలపు మామూలు వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి నెల రోజులు నిలిస్తే చాలు, నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాన్‌లో అలాగే పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. కొమ్మల జాతులు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి, బండలా ఉండేవి ఇంకా నెమ్మది. కొత్తవాడి కాలికి తొడిగిన రబ్బరు రెక్క ఒక్క ఊపులో అయిదారేళ్ళ పెరుగుదలను విరిచేస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని పులితోపాటు మొదటి షెడ్యూలులో కూర్చోబెట్టింది. పులి మీద నిలబడి ఫొటో దిగినవాడు మన ఊళ్ళో ఇంకా ఎవరూ లేరు. పగడం మీద నిలబడి దిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. కుజదోషం పోతుందని ఒక ముక్క జేబులో వేసుకొద్దామనుకున్న భక్తులకు మరో విన్నపం: ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం వేరే జాతి, మధ్యధరా సముద్రం వైపు సరుకు. ఈ ముక్కతో కుజుడు కదలడు, విమానాశ్రయంలో పోలీసులు కదులుతారు.

ఇన్ని కష్టాలు పడే బదులు దిబ్బనే గోపాల్‌పూర్‌కు తెప్పిస్తే సరిపోతుందని మా సాహి (వీధి) పెద్దలు నిర్ణయించారు. దేశంలో పెద్ద దిబ్బలు కచ్, మన్నార్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. మహారాష్ట్రకు కూడా మాల్వణ్ దగ్గర అంతో ఇంతో ఉన్నాయి. మనకే ఎందుకీ వివక్ష అని విచారించగా తప్పంతా నదులదని తేలింది. మహానది, ఋషికుల్య ఏటా బురద తెచ్చి పోస్తున్నాయి, వానాకాలం మంచినీళ్ళు కలిపి ఉప్పదనం చెడగొడుతున్నాయి. ఈ రెండూ పగడానికి పడవు. కనక ఋషికుల్యకు నోటీసు ఇవ్వాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినట్టు ఇకమీద ఏ తుఫానూ ఇటు రాకూడదని వాతావరణ శాఖకు ఇంకో నోటీసు.

దిబ్బ వచ్చాక క్లౌన్ చేపలు కావాలి. దీనిమీద సభలో గొడవ జరిగింది. ఆ చేపల కాపురంలో అందరికన్నా పెద్దది ఆడది. అది చనిపోతే తరవాతి స్థానంలో ఉన్న మగచేప ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటుంది. ఈ పద్ధతి పిల్లల కంట పడితే మన సంఘాల్లో ఉపాధ్యక్షుల కొరత వస్తుందని ఒకాయన అభ్యంతరం చెప్పాడు. అంశం వాయిదా పడింది.

సాంకేతిక సలహా కోసం గోపాల్‌పూర్ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక తాతను కలిశాం. నలభై ఏళ్ళకు పైగా ఆ కెరటాల మీద తెప్ప నడిపిన మనిషి, మునిగిపోతున్న యాత్రికులను చాలామందిని జుట్టు పట్టి లాగినవాడు. సంగతంతా విని, “అక్కడ ముణిగినందుకు మనకేటిత్తారు బాబూ?” అన్నాడు. ఇవ్వరు, వేలకు వేలు మనమే ఇవ్వాలన్నాం. చాలాసేపు వల వైపు చూసి, “సగమియ్యండి, నాను ముంచేత్తాను” అన్నాడు. ఆయన దగ్గర సర్టిఫికెట్ గానీ జీఎస్టీ నంబరు గానీ లేనందున ఆ కొటేషన్ తిరస్కరించాం.

అక్కడికి దగ్గర్లోనే ఋషికుల్య మొగలో ఒలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 2025లో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఫారం నింపలేదు, ఎవరూ సిలిండర్ పట్టుకోలేదు. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ దగ్గర నీళ్ళలో వేట నిషేధం కూడా ఉంది. ఆ ఏడు నెలలూ ఖాళీగా ఉండే తాత లాంటివాళ్ళకు ఏం పని చూపిద్దామన్న ప్రశ్న మా అజెండాలో లేదు. అజెండా చిన్నది.

చేపలు చేరడానికి దేశ తీరం వెంబడి ప్రభుత్వం సిమెంటు దిబ్బలు వేయిస్తోంది కదా, వాటిలో ఒకదానికి గులాబీ రంగు వేయించమని అడగాలని కార్యదర్శి ప్రతిపాదించాడు. నీళ్ళలో ఎరుపు నిలవదని మా తోడల్లుడు ఈసారి సభాముఖంగా, అధికారికంగా తెలియజేశాడు. చప్పట్లు. చివరికి, దిబ్బ మంజూరయ్యే దాకా లైట్‌హౌస్ దారిలో నీలం ఫ్లెక్సీ ఒకటి కట్టి, దాని ముందు ఖాళీ సిలిండర్‌తో ఫొటోలు తీయాలనీ, పెద్దలకు వంద, పిల్లలకు యాభై వసూలు చేయాలనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. ప్రతులు ఛత్రపూర్‌లో కలెక్టరు గారికి, పర్యాటక శాఖకు పంపాం. ఋషికుల్యకు పంపాల్సిన ప్రతి మొగ దగ్గర నీళ్ళలో వేశాం. అందినట్టు ఇంకా సంతకం రాలేదు.