ఆ రోబో చేతుల మెసేజ్ నాకు మళ్లీ పంపకండి

పది రోజుల్లో ఒకే మెసేజ్ నాకు పదకొండు సార్లు వచ్చింది. పదో తరగతి మిత్రుల గ్రూపులో మూడు సార్లు, బంధువుల గ్రూపులో రెండు సార్లు, మిగిలినవి "నీ లైనే కదా, చూడు" అంటూ విడివిడిగా వచ్చాయి. వీపుకు తగిలించుకునే రోబో చేతులతో ఎనుమాముల మార్కెట్లో హమాలీ వంద కిలోల బస్తాను బరువే తెలియకుండా ఎత్తుతాడట. భూపాలపల్లి గనిలో కార్మికుడికి నాలుగు చేతులుంటాయట. సర్జన్ లేకుండానే రోబో ఆపరేషన్ చేస్తుందట. పక్షవాతంతో పడిపోయిన చేయి నలభై రోజుల్లో లేస్తుందట, కసరత్తులు అక్కర్లేదట. ముసలమ్మ కూడా నిమిషంలో నేర్చుకుంటుందట.

ఆపరేషన్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. అమెరికాలో 2000లో అనుమతి పొందిన డావిన్సీ అనే ఆపరేషన్ రోబో, దాని ముందు కూర్చున్న సర్జన్ వేళ్లు ఎలా కదిలితే అలా కదులుతుంది. గని సంగతి ఇంకా సులభం. సెల్‌ఫోన్ కూడా పైనే వదిలి దిగాల్సిన చోటికి, నిప్పు తగిలితే పేలే మీథేన్ వాయువు ఉండగల చోటికి, నిప్పురవ్వ బయటికి రాదని గనుల భద్రతా విభాగం ఆమోదించని బ్యాటరీ చేతులను ఎవరూ దింపనివ్వరు.

హమాలీ విషయం కొంచెం ఆగి చూడాలి. కొక్కెంతో బస్తాను లాగి మెడకూ భుజానికీ ఆనించుకునే హమాలీ, ఆ బరువు వెన్నెముకకు దగ్గరగా ఉండాలని ఏ పుస్తకమూ చదవకుండానే నేర్చుకున్నాడు. వీపుకు బిగించిన చేయి నలభై కిలోల మిర్చి బస్తాను అర మీటరు ముందుకు చాచి పట్టుకుంటే, వెన్నుకు సుమారు ఐదు సెంటీమీటర్ల వెనుక నుంచి లాగే నడుము కండరాలు దానికి పది రెట్లు, అంటే దాదాపు నాలుగు వందల కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. బస్తాను ఎత్తేది మోటారే కావచ్చు, మోసేది మాత్రం ఆ మనిషి నడుమే. భారం నేలకు దిగాలంటే కాళ్ల వెంట కూడా లోహపు చట్రం ఉండాలి. దానితో లారీకి ఆనించిన పలక ఎక్కి చూపమని ఆ మెసేజ్ రాసిన మహానుభావుణ్ణి కోరుతున్నాను. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో హారీ అసాడా బృందం చేసిన అదనపు చేతులు విమానం లోపలి పైకప్పు పలకను, మనిషి స్క్రూలు బిగించేదాకా పట్టుకోవడానికి ఉద్దేశించినవి. అది నిజంగా పనికొచ్చే పని, కానీ బస్తాలు మోయడం కాదు.

నాకు కోపం తెప్పించింది పక్షవాతం మాట. పోయిన నెల ఒక మాజీ హమాలీని ఆయన బిడ్డ ఆటోలో హనుమకొండలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు తీసుకొచ్చింది. "మిషిన్ వస్తదట కదా సారూ, అప్పటిదాక ఈ తిప్పలెందుకని బాపు కసరత్తు బంద్ పెట్టిండు" అంది. కుడి పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలోకి దిగి, మడతల్లో చర్మం తెల్లగా నాని ఉంది. మణికట్టును ముందు కిందికి వంచి, బొటనవేలు విప్పి, మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా తెరవడానికి పది నిమిషాలు పట్టింది. పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలలు ఎంత విలువైనవో తెలిసినవారికి, అందులో ఆరు వారాలు ఇలాంటి ఒక మెసేజ్‌కు బలయ్యాయంటే ఏమనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

రోబోలతో చేతికి చికిత్స ఇచ్చి చూడలేదా అంటే, చూశారు. బ్రిటన్‌లో 770 మందితో జరిగి, 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన రాటుల్స్ అనే పరిశోధనలో ఒక జట్టుకు వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున, 12 వారాలు రోబోతో సాధన చేయించారు. చేయి కదలికలో కొంత మార్పు కనిపించినా, దానితో పనులు చేసుకోవడంలో మామూలు చికిత్స పొందినవారికంటే మెరుగుదల రాలేదు. అక్కడ కూడా సాధన చేసింది రోగే, రోబో తోడుగా ఉంది. చేయి కదపకుండా కూర్చుంటే బాగవుతుందని ఆ పరిశోధకులెవరూ అనలేదు. అలా అనడానికి మన గ్రూపుల్లోని పండితులే కావాలి.

ఇక ముసలమ్మ నిమిషంలో నేర్చుకోవడం. దీన్ని అన్నిటికంటే పెద్ద అబద్ధమనుకుని వెతికాను, ఓడిపోయాను. డానీ క్లోడ్ రూపొందించిన, చేతికి తగిలించుకుని కాలి బొటనవేళ్ల కింది సెన్సర్లతో నడిపే "మూడో బొటనవేలు"ను కేంబ్రిడ్జ్ పరిశోధకులు 3 నుంచి 96 ఏళ్ల వయసున్న 596 మందికి తగిలించి చూస్తే, 98 శాతం మంది మొదటి నిమిషంలోనే దానితో వస్తువులను కదిలించగలిగారు. కాబట్టి ఆ ఒక్క అంశానికి నా క్షమాపణ. అయితే అది బాగున్న చేతికి తగిలించే అదనపు వేలు. ఆ పెద్దాయన పిడికిలిని నేను ఇప్పటికీ వారానికి మూడుసార్లు నా వేళ్లతోనే విప్పుతున్నాను.