ఇంటిపేరు ఒక్కటైతే చుట్టాలైపోతారా?

వరంగల్‌లో బండా అనగానే బండా ప్రకాశ్ గుర్తొస్తారు. ఈ ఊరి నుంచి రాజ్యసభకు వెళ్లి, ఆ తర్వాత రాష్ట్ర శాసన మండలి డిప్యూటీ చైర్మన్ అయిన నాయకుడు ఆయన. ఆఫ్రికాలోని మలావీలో అదే పేరు ఎత్తితే హేస్టింగ్స్ కముజు బండా గుర్తొస్తారు. 1964లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆయనే ప్రధాని, 1966 నుంచి 1994 దాకా అధ్యక్షుడు. అదే దేశానికి 2012లో జాయిస్ బండా తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఆ పేరు ఆమెకు భర్త తరఫున వచ్చింది; పాత అధ్యక్షుడితో చుట్టరికం ఏమీ లేదు. పక్కనే ఉన్న జాంబియాను 2008 నుంచి 2011 వరకు పాలించిన రుపియా బండా మరో మనిషి. అంత దూరం ఎందుకు, 2009లో హైదరాబాద్ మేయర్ అయిన బండ కార్తీక రెడ్డి, మన ప్రకాశ్ ఇద్దరిదీ అదే ఇంటిపేరు, కానీ సామాజిక వర్గాలే వేరు.

ఇలాంటి కలయికలు ఫోన్లో చూసి ముచ్చటపడి పక్కవాళ్లకు పంపేస్తాం. ఎక్కడో విదేశంలో మన ఇంటిపేరు లాంటి పేరున్న మనిషి ఎన్నికల్లో గెలిస్తే 'మనోళ్లే' అని గ్రూపుల్లో అభినందనలు కూడా పెడతారు. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. కానీ ఇంటిపేరు వినగానే మనిషి ఎవరో తెలిసిపోయిందనుకునే అలవాటు అక్కడితో ఆగడం లేదు. పేరు ఒకటైతే మనుషులూ ఒకటే అనే ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో తెలుగు నేల మీద పుట్టి పెరిగిన పేర్లే చెబుతాయి.

కొండా అనే ఇంటిపేరునే తీసుకోండి. దేశభక్త కొండా వెంకటప్పయ్య 1866లో గుంటూరులో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి పునాది వేసినవాళ్లలో ముందువరుస మనిషి. 1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ వెనుక ఆయన శ్రమ ఉంది. ఆయన 1949లో పోయారు. ఆంధ్ర రాష్ట్రం 1953లో వచ్చింది, కళ్లారా చూసే అదృష్టం ఆయనకు దక్కలేదు.

ఇక కొండా లక్ష్మణ్ బాపూజీ. 1915లో వాంకిడిలో, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, పద్మశాలి కుటుంబంలో పుట్టారు. నిజాంకు ఎదురు నిలిచారు, వకీలుగా పేదల కేసులు వాదించారు, నేత కార్మికులను సహకార సంఘాల్లోకి తెచ్చారు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదిలేశారు. 2001లో కొత్త ఉద్యమ పార్టీ పుట్టింది కూడా హుస్సేన్‌సాగర్ ఒడ్డునున్న ఆయన ఇల్లు జలదృశ్యంలోనే. ఆయన 2012లో పోయారు, తెలంగాణ 2014లో వచ్చింది.

ఒక కొండా ఆంధ్ర రాష్ట్రం కోసం, మరో కొండా తెలంగాణ కోసం బతుకు ధారపోశారు. ఇద్దరూ కోరుకున్నది రాకముందే వెళ్లిపోయారు. ఇద్దరి కులాలు వేరు, నేలలు వేరు, అడిగిన రాష్ట్రాలూ వేరు.

మూడో కొండా కూడా ఈ కథలోనే ఉన్నారు. కె.వి.రంగారెడ్డి అని మనం పిలిచే పెద్దమనిషి పూర్తి పేరు కొండా వెంకట రంగారెడ్డి. 1956 ఫిబ్రవరిలో జరిగిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ తరఫున సంతకం చేసినవాళ్లలో ఆయన ఒకరు. రంగారెడ్డి జిల్లాకు ఆ పేరు ఆయనదే. చేవెళ్ల ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి ఆయన మనవడు. ఇక వరంగల్ జనానికి కొండా అంటే ముందు గుర్తొచ్చేది 2023లో వరంగల్ తూర్పు నుంచి గెలిచిన కొండా సురేఖ. వీళ్లలో తాతామనవళ్లను పక్కన పెడితే, మిగతావాళ్లను కలిపేది ఆ రెండక్షరాలే. ఆ రెండక్షరాలు చూసి ఎవరి కులం, ఎవరి పార్టీ, ఎవరి ప్రాంతం చెప్పగలం?

ఇది ఎందుకిలా జరుగుతుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మన ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊళ్ల పేర్లు. బతుకుదెరువుకో, కరువుకో, కొలువుకో ఊరు విడిచిన మనిషిని కొత్త ఊరివాళ్లు పాత ఊరి పేరుతో పిలుస్తారు. అదే పిల్లలకు అంటుకుంటుంది. ఊరు విడిచేది ఒక్క కులంవాళ్లే కాదు కదా! ఒకే ఊరి నుంచి పురోహితుడూ వెళ్తాడు, కుమ్మరీ వెళ్తాడు, రైతూ వెళ్తాడు. ముగ్గురి మునిమనవళ్లకూ ఒకే ఇంటిపేరు మిగులుతుంది. మిగిలిన పేర్లు చెట్ల నుంచి, గుట్టల నుంచి, జంతువుల నుంచి, చేసే పని నుంచి వచ్చాయి. కొండ లేని ప్రాంతం ఏది, బండ లేని ఊరేది?

పోతన ఇంటిపేరు బమ్మెర. ఆ ఊరు ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. పాల్కురికి సోమనాథుడి పేరులో ఉన్నదీ ఆ పాలకుర్తే. అదే జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్ వైపు చిన్న పెండ్యాల ఉంది. 1952 ఎన్నికల్లో కాళోజీని ఓడించి వరంగల్ నుంచి లోక్‌సభకు వెళ్లిన పెండ్యాల రాఘవరావుదీ, కవి వరవరరావుదీ ఆ ఊరే, ఆ ఇంటిపేరే. ఊరు కదలకుండానే ఊరి పేరు ఇంటిపేరైన కుటుంబాలూ ఉంటాయన్నమాట. తెలుగు సినిమాకు మరపురాని బాణీలు కట్టిన పెండ్యాల నాగేశ్వరరావు మాత్రం కృష్ణా జిల్లా మనిషి. పాట రేడియోలో వస్తే మా వైపు పాతవాళ్లు ఆయన కూడా చిన్న పెండ్యాల వాడేనని గట్టిగా చెప్పేవాళ్లు. అభిమానం అర్థమవుతుంది, ఆధారం మాత్రం ఇంటిపేరు ఒక్కటే.

ఇంటిపేరు ఊరు దాటితే ఇలా ఉంటుంది, భాష దాటితే మరో రకంగా ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్, భివండి, ముంబయి వెళ్లిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. షోలాపూర్‌లో తరతరాలుగా స్థిరపడ్డ ఈ తెలుగు పద్మశాలీల్లోంచి వచ్చిన కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం. కార్మికులందరికీ ఆయన ఆడం మాస్టర్. మనమైతే ఇంటిపేరు ముందు పెట్టి ఆడం నర్సయ్య అంటాం. మరాఠీ పద్ధతిలో అది వెనక్కి వెళ్లింది. పేరు ఇంగ్లిష్‌లో చదివిన కొత్తవాళ్లు క్రైస్తవుడేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే ఆ పేరున్న మరో ప్రముఖుడు స్కాట్లండ్ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడం. 1728లో కిర్కాల్డీలో పుట్టాడు. అర్థశాస్త్రవేత్త ఆడం స్మిత్‌దీ అదే ఊరు, ఆయనకైతే అది సొంత పేరు. ఇంగ్లండ్ ప్రభువుల కోసం రాబర్ట్ తీర్చిదిద్దిన కెడిల్‌స్టన్ హాల్‌ను చూసే కోల్‌కతాలో గవర్నర్ జనరల్ భవనం కట్టారు, అదే తర్వాత రాజ్‌భవన్ అయింది. షోలాపూర్ ఆడం పోరాడి సాధించినవీ ఇళ్లే. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం, మగ్గం కార్మికుల కోసం, చెత్త ఏరుకునేవాళ్ల కోసం. 30 వేల ఇళ్ల రేనగర్ కాలనీలో 15 వేల ఇళ్ల తాళాలు 2024 జనవరిలో చేతికొచ్చాయి. ఇద్దరు ఆడంలలో నా మనసు ఎటు మొగ్గుతుందో దాచుకోను. ఉన్నవాళ్ల భవనాల కంటే బీడీ కార్మికురాలి సొంతిల్లే నాకు గొప్పది.

తూర్పు ఆసియాలో ఎక్కువగా తారసపడే లీ సంగతీ అంతే. చైనా లీ, కొరియా లీ రాతలో ఒకే అక్షరం, కాబట్టి సింగపూర్‌ను నిర్మించిన లీ క్వాన్ యూకీ దక్షిణ కొరియా మాజీ అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్‌కీ కనీసం లిపిలో పొత్తు ఉంది. అమెరికా అంతర్యుద్ధ సేనాని రాబర్ట్ లీకి ఆ పొత్తు కూడా లేదు, అది ఇంగ్లిష్ నేలమీద పుట్టిన పేరు.

రావు విషయంలో మనవాళ్లే ఎక్కువ నష్టపోయారు. రావు ఇంటిపేరు కాదని మనకు తెలుసు, పాస్‌పోర్టుకు తెలియదు. లక్నేపల్లిలో పుట్టిన పాములపర్తి వెంకట నరసింహారావు ఢిల్లీ ఇంగ్లిష్ పేపర్లకు ఐదేళ్లూ వట్టి 'రావు'. 1945లో, పాతికేళ్ల ప్రాయంలోనే, గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన కల్యంపూడి రాధాకృష్ణారావు పేరు ప్రపంచంలోని ప్రతి స్టాటిస్టిక్స్ పుస్తకంలో ఉంది, కల్యంపూడి మాత్రం అందులో లేదు. పరిశోధనా పత్రాల జాబితాల్లో ఆయన పక్కన కన్నడిగుడైన సి.ఎన్.ఆర్. రావు, చైనా నాడీశాస్త్రవేత్త రావు యీ ఒకే వరసలో కూర్చుంటారు. చైనాలో అది అసలైన వంశనామం. మనదేమో గౌరవ సూచకం. అమెరికా వెళ్లిన మన పిల్లలు ఇంటిపేరు పోగొట్టుకుని తోకను వంశంగా మోస్తున్నారంటే కారణం పాస్‌పోర్టు ఫారాల్లోని 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అనే రెండు గడులే.

ఇక అసలు బాధ దగ్గరికి వస్తాను. కాకతీయ యూనివర్సిటీలో సీటొచ్చిన మా బంధువుల అబ్బాయికి గది వెతకడానికి హనుమకొండలో నయీంనగర్ వైపు తిరిగాం. ఒక ఇంటి గేటుకు టులెట్ బోర్డు ఉంది. మెట్లెక్కితే పైన సింగిల్ రూమ్, బాత్రూం బయట, పక్కన బట్టలారేసుకునే చోటు. ఆ ఇంటామె మర్యాదగానే కిరాయి చెప్పింది, రెండు నెలల అడ్వాన్స్ అంది, నల్లా ఏ టైంకు వస్తదో కూడా చెప్పింది. కిందికి దిగేటప్పుడు అడిగింది.

“ఇంటిపేరేంది బిడ్డా?”

వాడు చెప్పాడు. వాడి ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆమె కాసేపు ఆలోచించి, “మీదే ఊరు? తాత ఏం పని చేసేటోడు?” అంది. వాడు దాచకుండా అదీ చెప్పాడు. “మా ఆయన వచ్చినంక ఫోన్ చేస్త” అని నంబరు రాసుకుంది. ఫోన్ రాలేదు. బోర్డు మాత్రం అలాగే ఉంది.

ఇందులో ఒక సంగతి గమనించాలి. ఇంటిపేరు విన్నాక కూడా ఆమెకు కావాల్సింది తెలియలేదు, అందుకే రెండో ప్రశ్న పుట్టింది. కులం ఆరా తీయడానికి కూడా ఇంటిపేరు సరిపోదని అడిగేవాళ్లకే తెలుసు. పెళ్లి సంబంధాల్లో ఇంటిపేరు, గోత్రం అడగడం వేరు. ఒకే కులంలో ఒకే ఇంటిపేరువాళ్లను అన్నదమ్ములుగా చూసే పద్ధతి కోసం అది. గది కిరాయికి, ఆఫీసులో పరిచయానికి, ఆటోలో పక్క సీటువాడికి దానితో పనేముంది? చదువుకోడానికి వచ్చిన పిల్లాడు ఆ రోజు రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఇంట్లోవాళ్లకు చెబితే టెన్షన్ పడతారని గది నచ్చలేదని చెప్పాడు.

ఊరి పేర్లున్నవాళ్లకు కనీసం రెండో ప్రశ్న దాకా టైం దొరుకుతుంది. పేరు ఖాన్ అయితే మొదటి ప్రశ్నకే గేటు పడుతుంది. ఎందుకంటే ఆ పేరు వింటే మొత్తం తెలిసిపోయిందనుకుంటారు.

ఖాన్ అనేది మొదట మధ్య ఆసియా స్టెప్పీల్లో పాలకుల బిరుదు. చెంఘిజ్ ఖాన్ ముస్లిం కాదు. పలకడంలో ఇదే పేరు యూదులకూ ఉంది. అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన లూయీ కాన్ అమెరికా యూదుడు. 1901లో ఎస్టోనియాలో పుట్టాడు, వాళ్ల కుటుంబం వలస వెళ్లాక తండ్రి 1915లో ఈ పేరు పెట్టుకున్నాడు. ఢాకాలో బంగ్లాదేశ్ పార్లమెంటు భవనం ఆయన ఊహే. అదే ఢాకా ప్రాంతంలో 1929లో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్ చికాగో వెళ్లి, 442 మీటర్ల సియర్స్ టవర్‌కు నిర్మాణ పద్ధతి రూపొందించాడు. దాదాపు పాతికేళ్లు ప్రపంచంలో అంతకన్నా ఎత్తైన భవనం లేదు. అమెరికా కాన్ ఢాకాకు భవనం ఇస్తే, ఢాకా ఖాన్ అమెరికాకు ఇచ్చాడు.

మన చరిత్రలోనే ఇద్దరు ఖాన్‌లు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. రెండోవారు మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టిన షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడిగా రజాకార్ల దౌర్జన్యాలను ఎండగట్టారు, హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలవాలని రాశారు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే రజాకార్లు కాల్చారు, రాసిన చేతిని నరికారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. నాలుగు వారాలు తిరగకముందే సెప్టెంబర్ 17న సంస్థానం ఇండియాలో కలిసింది.

ప్రతి సెప్టెంబర్ 17న ఆ పేరు సభల్లో వినిపిస్తుంది, దండలు పడతాయి. కానీ మానుకోటలో (మహబూబాబాద్‌లో), వరంగల్‌లో ఇంటర్ చదివే పిల్లలను ఆపి అడగండి, ఎంతమంది చెప్పగలరో చూడండి. జిల్లాలో ఒక కాలేజీకో లైబ్రరీకో షోయబుల్లా ఖాన్ పేరు పెట్టి, ఆయన ఎవరో, ఎవరి చేతుల్లో ఎందుకు చనిపోయారో గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాయించాలి. జిల్లా యంత్రాంగం తలచుకుంటే వచ్చే సెప్టెంబర్ లోపే అయ్యే పని ఇది.